నాలుగు వందల రెండు, కాంటా కాశయ్య

ఏ అంకె చదవాలన్నా కాశయ్య ముందు రెండు అడుగులు వెనక్కి వేస్తాడు. తన పాదాల కేసి ఒకసారి చూసుకుంటాడు. ఆ తర్వాత చదువుతాడు.

కాగితం చేతిలో ఉన్నా అంతే. కాగితం కూడా తనతో పాటే వెనక్కి వస్తుందని తెలియక కాదు. నిజామాబాద్ బస్టాండులో బస్సు నెంబరు చదవబోయి వెనక నిలబడ్డవాళ్ల కాళ్లు తొక్కుతాడు. డాక్టరు దగ్గర బరువు చూసే యంత్రం ఎక్కి, అంకె చదవడానికి రెండు అడుగులు వెనక్కి దిగిపోతాడు. అప్పటికి అక్కడ సున్నా ఉంటుంది. నర్సు ఆయన్ను కింది నుంచి పై దాకా చూసి తోచిన అంకె వేసుకుంటుంది.

ఆయన ముప్పై ఏళ్లు బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాంటా గుమాస్తా. చెరుకు బండి ఇనుప పలక మీదికి వచ్చి నిలబడుతుంది. పక్క గదిలో ముల్లు ఊగి ఆగుతుంది. ఆగినచోట చదవాలి. చెరుకు దించాక ఖాళీ బండి మళ్లీ వస్తుంది. అదీ చదవాలి. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసేస్తే మిగిలింది చెరుకు. ఇంతకంటే ఆ పనిలో ఏమీ లేదు.

మొదటి ఏడాది కాశయ్యకు బండి నెంబరు గదిలోంచి సరిగా కనిపించేది కాదు. ఒకరోజు బయటికి వచ్చి ఎద్దు పక్కన నిలబడ్డాడు. అక్కడి నుంచి నెంబరూ కనిపించింది, కిటికీలోంచి ముల్లూ కనిపించింది. తన తెలివికి తానే సంతోషించాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నలభై ఒక్క బండ్లు అలాగే చదివాడు. ఖాళీ బండి వచ్చినప్పుడు మాత్రం గదిలో కూర్చున్నాడు. ఖాళీ బండ్లు అదే వరుసలో తిరిగి వచ్చేవి, నెంబరుతో పని లేదు.

కాశయ్య అప్పుడు యాభై రెండు కిలోలు. నిలబడింది ఇనుప పలక మీద.

చందూర్ రైతు బాలనర్సయ్య మర్నాడు ఇంకో బండి తెచ్చి, గదిలో వేరే మనిషిని చూసి, "నిన్నటి గుమాస్త లేడా? ఆయన చెయ్యి మంచిది" అన్నాడు. ఫ్యాక్టరీ లెక్క చూసుకుంది. రెండు టన్నుల నూట ముప్పై రెండు కిలోల కాశయ్యను చెరుకు ధరకు కొన్నామని తేల్చింది. ఆ డబ్బు ఆయన జీతంలో కోసింది. అప్పటి నుంచి ఆయన అంకెకు దూరంగా నిలబడతాడు.

ఆ ఫ్యాక్టరీలో ఇంకో పద్ధతి ఉండేది. ముల్లు ఆగగానే గుమాస్తా ఊరు, పేరు, తూకం మూడుసార్లు అరవాలి. వరుసలో ఉన్న యాభై మంది రైతులు వినాలి. చదువు రానివాడు కూడా వినాలి. "చందూర్ బాలనర్సయ్య! టన్ను మీద రెండొందల నలభై!" మూడోసారి అరిచేలోగా ఎవరైనా కాదంటే మళ్లీ తూకం. మూడోసారి తర్వాత ఎవరూ కాదనరాదు. కాశయ్య గొంతు రుద్రూర్ రోడ్డు దాకా వినిపించేదని ఆయనే చెబుతాడు.

ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చాక కొన్నాళ్లు బోధన్ రోడ్డు మీది ధర్మకాంటలో లారీలు తూచాడు. ఏడేళ్ల కింద నిజామాబాద్‌లో పద్మజా రెసిడెన్సీ అనే అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నాడు. నాలుగు అంతస్తులు, పదహారు ఫ్లాట్లు. పై అంతస్తు చవక. భార్య అనసూయమ్మకు మోకాళ్ల నొప్పులు. "లిఫ్టుంది గదా" అన్నాడు కట్టినవాడు. అది నిజమే. ఉంది.

గత వానాకాలం లిఫ్టు గుంతలోకి నీళ్లు వచ్చాయి. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది. ఏడు నెలలుగా అక్కడే ఉంది.

అనసూయమ్మ ఏడు నెలలుగా నాలుగో అంతస్తులోనే ఉంది.

ఆమెకు సినిమాలు అక్కర్లేదు, షికార్లు అక్కర్లేదు. కూరగాయలు చేత్తో పట్టి ఏరుకోవాలి. తారాబాయి రోజూ పొద్దున ఏడింటికి తోపుడు బండితో గేటు ముందుకు వస్తుంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మనిషి, మాటలో సగం మరాఠీ. అనసూయమ్మ బాల్కనీలోంచి బుట్టను తాడుతో దించుతుంది. బేరం ఆకాశంలో నడుస్తుంది.

"తారాబాయీ, వంకాయలెట్లున్నయ్?"

"ఏక్‌దమ్ తాజా ఆహే, అక్కా!"

"లేతయేనా?"

"కింద దిగొచ్చి పట్టి సూడు!"

"లిఫ్టు రానియ్యి, నీ బండంత కలబెడ్త!"

బుట్ట పైకి వెళుతుంది. అందులో రెండు పుచ్చులు ఉంటాయి. ఆ రెంటితో బుట్ట కిందికి వస్తుంది. తారాబాయి వేరే రెండు వేస్తుంది. వాటిలో ఒకటి ముదురు. బుట్ట మళ్లీ దిగుతుంది. మొదట్లో కాశయ్యనే పంపేది. ఆయన తారాబాయి తూకం యంత్రంలో ఖాళీ పళ్లెం పెట్టించి, రెండు అడుగులు వెనక్కి వేసి, సున్నా చూసి, అప్పుడు వంకాయలు పెట్టమనేవాడు. వంకాయల వైపు చూసేవాడు కాదు. కిలో అంటే కచ్చితంగా కిలో తెచ్చేవాడు. అన్నీ పుచ్చులు.

"దాదా, నీకు కూరగాయలొద్దు, కాంటా గావాలె" అంది తారాబాయి ఒకరోజు. ఆ తర్వాత అనసూయమ్మ తాడు కొనిపించుకుంది.

లిఫ్టు సంగతి మాట్లాడటానికి ఫిబ్రవరిలో సెల్లారులో మీటింగు పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సెక్రటరీ భానుప్రసాద్ లేచాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. నూట రెండులో ఉంటాడు. లెక్కలన్నీ ఆయన చేతిలోనే.

"లిఫ్టుకు లక్షా నలభై వేలైతదట. మన దగ్గర డెబ్బై నాలుగున్నయ్. ఇంక అరవై ఆరు వేలు కావాలె. అందరు తలా ఇంత వేసుకుందాం."

"హిసాబ్ చూపెట్టు తమ్ముడూ, అప్పుడు వేసుకుందాం" అంది జ్యోతిరాణి. మూడు వందల రెండు. సర్కారు బడిలో లెక్కల టీచరు.

"నెల నెలా గ్రూపుల పెడుతనే ఉన్న గదక్కా. మన దగ్గర ఫుల్ ట్రాన్స్‌పరెన్సీ."

"గా ఫోటో మసక మసక ఉంటది."

"నా ఫోన్ గట్లున్నది. ఏం చెయ్యాలె?"

"మీ పాప పుట్టినరోజు ఫోటోలు మంచిగనే వచ్చినయ్ మరి. కేకు మీద పేరు గూడ చదివిన."

అందరూ నవ్వారు. భానుప్రసాద్ నవ్వలేదు.

నెల నెలా గ్రూపులో వచ్చే ఆ ఫోటోలో నాలుగే వరుసలు ఉండేవి. వచ్చింది, పోయింది, మిగిలింది, కామన్ మీటరు బిల్లు. కింద పద్నాలుగు మంది చప్పట్ల బొమ్మలు పెట్టేవారు. లోపల మాత్రం పద్నాలుగు మందీ భానుప్రసాద్ తింటున్నాడనే అనుకునేవారు. అందుకే ఎవరూ లిఫ్టుకు రూపాయి తీయలేదు.

కాశయ్య లేచాడు. ఫోనులో ఆ ఫోటోలను పెద్దవి చేసుకుని రెండు అడుగులు వెనక్కి వేశాడు. వెనక ఉన్న స్కూటరుకు తగిలి, దాన్ని నిలబెట్టి, చదివాడు.

"లిఫ్టు తిరిగినప్పుడు కామన్ మీటరు బిల్లు నెలకు ఐదు వేల ఎనిమిదొందలు. లిఫ్టు ఆగినంక ఐదు వేలు. మరి గీ ఐదు వేలు ఎవడు తింటున్నడు? మెట్ల మీద లైట్లా? నీళ్ల మోటరా?"

అందరూ భానుప్రసాద్ వైపు చూశారు.

"అంటే నేను తింటున్ననా కాకా?"

"నేను తూకం చదివిన. పేరు చదవలేదు."

భానుప్రసాద్ రిజిస్టరు తెచ్చి కాశయ్య ఒళ్లో పడేశాడు. "ఇగో. ఇయ్యాల్టి సంది నువ్వే చూసుకో. బిల్లులన్నీ అందులనే ఉన్నయ్. నా బిడ్డ బడి నుంచొచ్చి అడుగుతున్నది, బాపూ, నువ్వు లిఫ్టు పైసలు తిన్నవా అని. నాకు గీ పంచాయితీ వద్దు."

అలా కాశయ్య కోశాధికారి అయ్యాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి చేతులతో.

నాలుగో అంతస్తులో అనసూయమ్మ కూడా కొట్టింది. లిఫ్టు రాకపోయినా లిఫ్టు గొట్టం గుండా సెల్లారు మాటలు పైకి వచ్చేవి. మీటింగు ఉన్నరోజు ఆమె లిఫ్టు తలుపు ముందు కుర్చీ వేసుకునేది.

కాశయ్య మీద వాళ్లకు నమ్మకం కలగడానికి ఒక కారణం ఉంది. రెండేళ్ల కింద ఆయన తన ఇంటి కరెంటు బిల్లును నోటీసు బోర్డుకు గుచ్చాడు. నూట తొంభై రూపాయలు. మిగతా ఇళ్లలో వెయ్యికి తక్కువ లేదు. బిల్లు కింద ఎర్ర సిరాతో, "పొదుపు ఇలా ఉండాలి. ఇట్లు, 402" అని రాశాడు. పిల్లలున్న ఇళ్లలో ఆ బిల్లు చూపించి పిల్లల్ని తిట్టేవారు. అనసూయమ్మకు అది పెద్ద గౌరవం. నెల నెలా ఐదు వందలు పోపుల డబ్బాల వెనక ఒక స్టీలు డబ్బాలో వేసేది. కరెంటులో మిగిల్చిన డబ్బు. దాంతో కమ్మలు చేయించుకోవాలని.

మార్చి మొదటి ఆదివారం పొద్దున కాశయ్య పని మొదలుపెట్టాడు. రిజిస్టరు పట్టుకుని కింద మెట్ల దగ్గర నిలబడ్డాడు. రెండు అడుగులు వెనక్కి వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నూట ఒకటి! వెయ్యి రూపాయలు! ముట్టింది!"

మూడుసార్లు.

"నూట రెండు, భానుప్రసాద్! వెయ్యి! ముట్టింది!"

ఆయన గొంతు ఇంకా రుద్రూర్ రోడ్డు కోసం తయారైన గొంతే. పక్క అపార్టుమెంటు వాళ్లు బాల్కనీల్లోకి వచ్చారు. వాచ్‌మన్ రాజమల్లు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మూడు వందల రెండు, జ్యోతిరాణి! రెండు నెలలు! ముట్టలేదు!"

రెండోసారి అనేలోగా జ్యోతిరాణి మెట్ల మీదికి వచ్చింది. ముఖం నిండా శనగపిండి.

"కాకా! ఇజ్జత్ తీస్తున్నరా? వాట్సాపుల పెట్టొచ్చు గదా!"

"వాట్సాపుల సప్పుడు రాదు బిడ్డా."

"సప్పుడెందుకు?"

"సప్పుడుంటే మసక ఉండదు."

ఆమె లోపలికి వెళ్లింది. శనగపిండి చేత్తోనే రెండు వేలు తెచ్చి ఇచ్చింది. కాశయ్య నోట్లు తుడుచుకుని, "ముట్టింది!" అని మూడుసార్లు అరిచాడు. సాయంత్రానికి అపార్టుమెంటులో ఎవరి బాకీ మిగలలేదు. కొందరు రాబోయే నెలది కూడా ఇచ్చేశారు, పేరు అరవవద్దని.

తర్వాత ఆయన బిల్లులు పట్టాడు. మూడు రోజులు చదివాడు. ప్రతి బిల్లుకూ రెండు అడుగులు చొప్పున ఇల్లంతా వెనక్కి నడిచాడు. అన్నీ సరిపోయాయి. వాచ్‌మన్ జీతం, ట్యాంకు కడిగించిన కూలి, కరెంటు. కామన్ మీటరు బిల్లు నిజంగానే ఐదు వేలు. భానుప్రసాద్ బద్ధకస్తుడు. దొంగ కాడు. కాశయ్యకు కొంచెం నిరాశ కలిగింది.

"మరి కరెంటు ఎటు పోతున్నదయ్యా?" అంది అనసూయమ్మ.

"ఎవడో కాంటా మీద నిలబడ్డడు."

"పట్టు మరి. జల్ది పట్టు. పైసలు దొరికితే లిఫ్టొస్తది. ఒక్క వంకాయ నా చేత్తోని ఏరుకుంట."

కాశయ్యకు తెలిసిన విద్య ఒకటే. ఖాళీ తూకం. మరుసటి ఆదివారం సాయంత్రం అందరినీ మీటర్ల బోర్డు దగ్గరికి పిలిచాడు. మెట్ల లైట్లు ఆర్పించాడు. నీళ్ల మోటారు ఆపించాడు. ఇక కామన్ మీటరు మీద బరువేమీ లేదు. అయినా కరెంటు వాడితేనే వెలిగే ఎర్ర చుక్క దాని మీద మిణుకు మిణుకుమంటూనే ఉంది.

"చూసిన్రా? బండి ఖాళీ. ముల్లు ఊగుతున్నది. మన పదహారు ఇండ్లల్ల ఎవరిదో తీగ దీనికి తగిలి ఉన్నది."

"దొరికితే ఏం చేస్తవ్ కాకా?" అన్నాడు భానుప్రసాద్.

"పేరు మూడుసార్లు పిలుస్త. ఎన్నేండ్లు తిన్నడో అన్నేండ్ల పైసలు కక్కిస్త."

"రాసియ్యి."

కాశయ్య రాసి సంతకం పెట్టాడు. భానుప్రసాద్ ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద, నూట తొంభై రూపాయల బిల్లు పక్కనే గుచ్చాడు.

ఒక్కో ఇల్లే మొదలుపెట్టారు. ఇంట్లో తలుపు పక్క బోర్డులోని స్విచ్‌లన్నీ దించాలి. కింద ఎర్ర చుక్క ఆగితే ఆ ఇల్లే. నూట ఒకటి దించారు. చుక్క ఆగలేదు. భానుప్రసాద్ ఇల్లు దించినప్పుడు అందరూ ముందుకు వంగారు. ఆగలేదు. భానుప్రసాద్ ఒక్కొక్కరి ముఖం తీరిగ్గా చూశాడు. రెండో అంతస్తు అయ్యేసరికి సగం మంది వెళ్లిపోయారు. మూడో అంతస్తుకు టీవీలో క్రికెట్ మొదలైంది. పదిహేనో ఇల్లు అయ్యేసరికి మిగిలింది కాశయ్య, రాజమల్లు, భానుప్రసాద్. భానుప్రసాద్‌కు ఫోను వచ్చి గేటు దగ్గరికి వెళ్లాడు.

తూచేవాడి ఇల్లు ఆఖరున. కాశయ్య అనసూయమ్మకు ఫోను చేశాడు.

"స్విచ్‌లన్ని దించు."

"మనదెందుకు? మనది నూట తొంభై గదా."

"పద్ధతి. దించు."

ఎర్ర చుక్క ఆగింది.

కాశయ్య చుక్క వైపు చూశాడు. రెండు అడుగులు వెనక్కి వేసి చూశాడు. ఆగే ఉంది.

"పైకెత్తు" అన్నాడు ఫోనులో. చుక్క మిణుకుమంది. "దించు." ఆగింది. "ఎత్తు."

"ఏందయ్యా, సీరియల్ చూడనిస్తవా లేదా?" అంది అనసూయమ్మ. ఫోనులోంచీ, నాలుగో అంతస్తు నుంచీ ఒకేసారి వినిపించింది.

రాజమల్లు దగ్గాడు. "నేనేం సూడలె కాకా."

"ఏం చూడలె?"

"ఎర్ర సుక్క ఆగింది సూడలె. మళ్ల మొదలైంది గూడ సూడలె."

భానుప్రసాద్ గేటు నుంచి తిరిగి వచ్చాడు. "ఏమాయె కాకా? దొరికిండా?"

"రేపు సాయంత్రం మీటింగు పెట్టు. చెప్త."

"ఎవరో చెప్పకపోతే మళ్ల నా మీదనే వస్తది. ముందే చెప్తున్న."

కాశయ్య మెట్ల వైపు తిరిగాడు. నాలుగు అంతస్తులు ఎక్కాడు. మామూలుగా రెండు చోట్ల ఆగేవాడు. ఆరోజు ప్రతి మెట్టు దగ్గరా ఆగాడు.

అనసూయమ్మ అన్నం పెట్టింది. ఆయన తినకుండా ఫ్రిజ్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"గిది మనది కాదు" అన్నాడు.

"ఏది?"

"ఫ్రిజ్‌ల కరెంటు. గీజర్ది. మిక్సీది. బట్టల మిషన్ది. అన్ని కామన్ మీటరు మీదున్నయ్."

అనసూయమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆమెకు మొదట తోచింది దొంగతనం కాదు.

"అంటే నేను పొదుపు చెయ్యలేదా?"

"లే."

"ఏడేండ్ల సంది?"

"లే."

ఆమె గరిటె కింద పెట్టింది. "నేను భానుప్రసాద్ పెండ్లానికి చెప్పిన. గీజరు ఎట్ల వాడాలో గంటసేపు కూసోబెట్టి చెప్పిన."

కాశయ్య మెల్లగా అన్నాడు, "కరెంటు పని చేసే చిన్నయ్యను పిలిచి తీగ మార్పిస్తే, వచ్చే నెల సంది బిల్లు తగ్గుతది. ఎవరికి తెల్వది. రాజమల్లు చూడలేదంటున్నడు."

"భానుప్రసాదో?"

"ఆయననే అనుకుంటరు. ఇప్పుడు గూడ అదే అనుకుంటున్నరు గదా."

"మరి లిఫ్టు?"

లెక్క తేలకపోతే ఎవరూ డబ్బు ఇవ్వరు. డబ్బు రాకపోతే లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యే ఉంటుంది. అది ఇద్దరికీ తెలుసు.

అనసూయమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. పోపుల డబ్బాలు జరిపిన చప్పుడు వినిపించింది. స్టీలు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. మెంతుల వాసన వస్తున్న నోట్లు.

"నలభై రెండు వేలుండాలె. లెక్క పెట్టు. జర దూరం జరిగి లెక్క పెట్టు."

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ చిన్నయ్య వచ్చి గోడ విప్పాడు. ఇల్లు కట్టినప్పుడే వంటింటి తీగనూ గీజరు తీగనూ పక్కనున్న కామన్ మీటరు గొట్టంలో వేశారు. ఎవరూ కావాలని చేసింది కాదు. "నెలకు ఏడు వందలు పడుతది కాకా, సగటున" అన్నాడు. ఎనభై నాలుగు నెలలు. కాశయ్య రెండు అడుగులు వెనక్కి వేసి గుణించాడు. యాభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. డబ్బాలో లేనిది బ్యాంకు నుంచి తెచ్చాడు.

సాయంత్రం సెల్లారు నిండిపోయింది. దొంగ దొరికాడని గ్రూపులో వచ్చింది. క్రికెట్ చూసేవాళ్లు కూడా దిగారు. ఎవరికి వారు పక్కవాడి వైపు చూస్తున్నారు.

కాశయ్య రిజిస్టరు తెరిచాడు. రెండు అడుగులు వెనక్కి వేశాడు. పాదాలు చూసుకున్నాడు. ఈసారి ఎక్కువసేపు చూసుకున్నాడు.

"నాలుగు వందల రెండు, కాంటా కాశయ్య. యాభై ఎనిమిది వేల ఎనిమిదొందలు."

ఎవరికీ అర్థం కాలేదు. తన ఇంటి నెల బాకీ చదువుతున్నాడేమో అనుకున్నారు. ఆయన మళ్లీ అన్నాడు. రెండోసారికి గొంతు తగ్గింది. ఆ గొంతు సెల్లారు దాటలేదు.

"నాలుగు వందల రెండు, కాశయ్య... యాభై ఎనిమిది..."

రాజమల్లు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కుర్చీలు కిర్రుమన్నాయి.

జ్యోతిరాణి చెయ్యి ఎత్తింది. బడిలో పిల్లలు ఎత్తినట్టు.

"కాకా, మూడుసార్లన్నరు. ఇప్పటికి రెండే అయినయ్."

కాశయ్య నోరు తెరిచాడు. ఇంకో రెండు అడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు లిఫ్టు గొట్టం గుండా, నాలుగు అంతస్తుల పైనుంచి వచ్చింది.

"నాలుగు వందల రెండు! కాశయ్య, అనసూయమ్మ! యాభై ఎనిమిది వేల ఎనిమిదొందలు! ముట్టింది! తీసుకోన్రి!"

ఆమె గొంతు కూడా తక్కువదేమీ కాదు. మొదట నవ్వింది భానుప్రసాద్. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కాశయ్య డబ్బు సంచి ఆయన చేతిలో పెట్టాడు.

"ఎవరు కాదన్లె. తూకం పక్కా" అన్నాడు కాశయ్య. "భానుప్రసాద్, నిన్ను తప్పుగ చూసిన. గది గూడ మూడుసార్లు చెప్పాల్నా?"

"వద్దు కాకా, పక్క అపార్ట్‌మెంటోళ్లు భయపడ్తరు."

లెక్క అక్కడే తేలింది. లిఫ్టుకు తక్కువైంది అరవై ఆరు వేలు. కాశయ్య డబ్బు పోగా ఏడు వేల రెండు వందలు. పదహారు ఇళ్లకు తలా నాలుగు వందల యాభై. ఎవరూ హిసాబ్ అడగలేదు. కాశయ్య కూడా తన నాలుగు వందల యాభై విడిగా ఇచ్చి రసీదు రాయించుకున్నాడు.

ఆయన వెళుతూ వెళుతూ నోటీసు బోర్డు దగ్గర ఆగి, నూట తొంభై రూపాయల బిల్లును పీకబోయాడు. వెనక నుంచి భానుప్రసాద్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యి కాకా. లెక్కలు దాయొద్దు గదా."

అది ఇప్పటికీ అక్కడే ఉంది. పక్కన మరుసటి నెల బిల్లు కూడా ఉంది. ఎనిమిది వందల తొంభై. దాన్ని అనసూయమ్మ గుచ్చమంది.

ఏప్రిల్ రెండో వారం శుక్రవారం సాయంత్రం లిఫ్టు బాగైంది. మెకానిక్ లోపల కొత్త పలక బిగించి, రెండుసార్లు కిందికీ పైకీ తిప్పి, సంతకం తీసుకుని వెళ్లాడు. అనసూయమ్మ ఆ సాయంత్రం దిగలేదు. తారాబాయి లేని వేళ కింద తనకేం పని అంది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో తాడు విప్పిన బుట్ట. కాశయ్య లిఫ్టు తలుపు పట్టుకున్నాడు. ఆమె మెల్లగా లోపలికి వెళ్లి గోడకు ఆనుకుంది. ఆయన కూడా లోపలికి వెళ్లి, సున్నా మీట నొక్కాడు. ఎదురుగా కొత్త పలక మెరుస్తోంది. ఎంతమంది ఎక్కవచ్చో, ఎన్ని కిలోలు మోస్తుందో దాని మీద అంకెలు చెక్కి ఉన్నాయి.

కాశయ్య చదువుదామని రెండు అడుగులు వెనక్కి వేశాడు.

తలుపు మూసుకుంది.

"ఏమయ్యా!" అన్న మాట మూడో అంతస్తు దాటి, రెండో అంతస్తు దాటి కిందికి పోయింది.

ఆయన మెట్ల మీద పరుగెత్తాడు. అరవై ఆరేళ్ల వయసులో నాలుగు అంతస్తులు. గేటు దగ్గరికి వచ్చేసరికి అనసూయమ్మ తోపుడు బండి మీదికి వంగి ఉంది. ఒక వంకాయను పట్టి, తిప్పి, తొడిమ కింద గోరుతో నొక్కి, పక్కన పడేసింది. ఇంకోటి తీసింది. తారాబాయి నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"బండంత కలబెట్టింది దాదా, మీ ఆమె."

"ఎటు పోయినవయ్యా?" అంది అనసూయమ్మ, తల ఎత్తకుండా. ఏరిన వంకాయలు తూకంలో పోసింది. "ఎంతుందో సూడు."

కాశయ్యకు ఊపిరి ఆడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బండికి ఆనుకుని, నిలబడ్డ చోటి నుంచే చదివాడు.